మా అమ్మమ్మ ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు

మా గైడు నా పరిశోధనను తన పేరుతో అచ్చు వేసుకున్నాడన్న సంగతి ఆయన చేతి మీదుగానే నాకు తెలిసింది. ఆయనే ఆ వ్యాసం ఉన్న అట్ట ఫైలుకు తాడు ముడివేసి, నా చేతిలో పెట్టాడు. ఈ వాక్యాన్ని మొదట 'పెట్టారు' అని రాశాను. అలవాటు. తర్వాత కొట్టేశాను.

అప్పటికి నేను విశ్వవిద్యాలయం లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగిని. ఏటా మార్చిలో ఒక కాగితం వచ్చేది. అది వస్తే మరో ఏడాది పని ఉన్నట్టు. ఇల్లు నాచారంలో. నాన్న మల్లాపూర్‌లో ఫిట్టరుగా చేసి, మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే బస్సెక్కి, హబ్సిగూడ దాకా ఒంటికాలి మీద నిలబడి, తార్నాకలో దిగి నడుచుకుంటూ వెళ్లేదాన్ని.

ఆ ఏడాది మా లైబ్రేరియన్ గారికి ఒక పట్టుదల మొదలైంది. "మన ప్రొఫెసర్లు రాసింది మనకే చదవడానికి దొరకట్లేదమ్మా, ఇదేం ఖర్మ?" అనేవారు. అది నిజమే. మావాళ్లు ఇక్కడ జీతం తీసుకుని, ఇక్కడి విద్యార్థులతో పని చేయించుకుని, వ్యాసాలు ఎక్కడెక్కడి పత్రికలకో పంపేవాళ్లు. ఆ పత్రికలు తెప్పించే స్తోమత మా లైబ్రరీకి లేదు. అందుకని అన్ని శాఖలూ తిరిగి అధ్యాపకుల వ్యాసాలు సేకరించి, స్కాన్ చేసి, ఒకే వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆయన ఆలోచన. జనగామలో నెట్ సెంటర్‌లో కూర్చున్న పిల్ల కూడా ఎవరినీ అడగకుండా చదువుకోగలగాలి. దాన్ని రిపాజిటరీ అంటారు. ఆ పని నాకు అప్పగించారు. ఒక పాత కంప్యూటరు, మూత సరిగా పడని స్కానరు, కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. చాలా ఏళ్ల తర్వాత నాకు అర్థమున్న పని దొరికిందని మురిసిపోయాను.

లైబ్రేరియన్ సంతకం చేసిన లేఖ పట్టుకుని శాఖలన్నీ తిరిగాను. కొందరు కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. కొందరు రేపు రమ్మన్నారు, ఆ రేపు ఎప్పటికీ రాలేదు. చివరగా సోషియాలజీ శాఖకు వెళ్లాను. చివరగా ఎందుకంటే అది నేను చదువుకున్న శాఖ. అక్కడ నా పాత గైడు ఉన్నాడు.

"అరే, నువ్వా! ఇంకా లైబ్రరీలనే ఉన్నవా?" అన్నాడు. లేఖ చదివి కళ్లజోడు తీశాడు. "గిట్ల నెట్టుల పెడితే లోకమంతా కాపీ కొడ్తది గదమ్మా. మా కష్టమంతా ఎవడో ఎత్తుకపోతడు."

"తేదీతో సహా ఉంటుంది సార్. ముందు రాసిందెవరో అందరికీ తెలుస్తుంది. మీకే రక్షణ" అన్నాను. లైబ్రేరియన్ గారు నాకు నేర్పిన జవాబు అది. అందరికీ అదే చెబుతున్నాను.

ఎవరెన్ని ఇచ్చారో వైస్ చాన్సలర్ చూస్తారని కూడా లేఖలో ఉంది. అది పనిచేసింది. బీరువా తెరిచి ఫైలు తీసి ఇచ్చాడు. అందులో ఏముందో ఒకసారి తిరగేసి చూసుకోలేదు. తర్వాత చాలాసార్లు దీని గురించి ఆలోచించాను. దొంగతనం చేశానన్న ఎరుక ఉన్నవాడు జాగ్రత్త పడతాడు. అది తన సొంతమే అనుకున్నవాడికి జాగ్రత్త దేనికి?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

అంతకు ఐదారేళ్ల ముందు, ఆ గైడు దగ్గరే నేను ఎంఫిల్ చేశాను. నాచారం, మల్లాపూర్ చిన్న ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల పని గురించి. సీసాల మూతలు తయారుచేసే ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీని ఎంచుకున్నాను. అచ్చులోంచి వచ్చిన మూతల అంచులను బ్లేడుతో చెక్కే పని ఆడవాళ్లది. గేటు దగ్గర ఎవరూ మాట్లాడేవారు కాదు. షిఫ్టు దిగాక వాళ్లతో పాటు నడిచేదాన్ని. ఆదివారాలు ఇళ్లకు వెళ్లి, వాళ్లు బియ్యం ఏరుతుంటే నేనూ ఏరుతూ వినేదాన్ని. ఏడాదిన్నర అలా తిరిగాను.

వాళ్లలో ఒకామె నాకు ఆ ఫ్యాక్టరీ మొత్తాన్ని విప్పి చూపించింది. నాకంటే పదేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు నడుస్తూ నడుస్తూ బిళ్లల సంగతి చెప్పింది. ఎనభై మంది ఆడవాళ్లున్న ఆ షెడ్డులో బాత్‌రూముకు వెళ్లాలంటే సూపర్‌వైజర్ దగ్గర బిళ్ల తీసుకోవాలి. ఉన్నవి రెండే బిళ్లలు. ఆ రెండూ బయట ఉంటే మూడో మనిషి ఆగాల్సిందే.

"మరి ఎట్లా అక్కా?" అని అడిగాను.

"ఎట్లేంది? నీళ్లు తాగుతెనే గద బిళ్ల అడగాలె. నీళ్లు తాగుడే బందు వెట్టినం" అంది. ఆ మాట చెప్పి రోడ్డు దాటి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి, చేతిలో ఉన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను.

నా పరిశోధనలో ఆ అధ్యాయమే ప్రాణం. ఒకసారి గైడును మల్లాపూర్ రమ్మని అడిగాను. "ఆ దుమ్ములకు నేనెందుకమ్మా? నువ్వు రాస్కరా, నేను సూస్త" అన్నాడు. చూశాడు కూడా. కామాలు మార్చాడు. పనివాళ్ల అసలు పేర్లు రాయకూడదని, మారుపేర్లు పెట్టాలని నేర్పింది కూడా ఆయనే. వాళ్ల ఉద్యోగాలు పోకుండా అది జాగ్రత్త. నేను మా ఇంటి ఆడవాళ్ల పేర్లు పెట్టాను. అక్కకు మా అమ్మమ్మ పేరు పెట్టాను. ఊరి దేవత పేరు అది, పట్నంలో ఎవరూ పెట్టుకోరు. ఎదుటివాడు ఎంతటివాడైనా కొంగు దోపుకుని జవాబు చెప్పడంలో అక్క అచ్చం మా అమ్మమ్మే.

ఎంఫిల్ వచ్చింది. పీహెచ్‌డీకి వెళితే తన దగ్గర జాగా లేదన్నాడు. మరుసటి ఏడాదీ లేదన్నాడు. మధ్యలో ఇంకొకతన్ని తీసుకున్నాడు. నేను లైబ్రరీ సైన్సు చదివి ఈ కాంట్రాక్టులో చేరాను. నా చదువు అంతవరకే అనుకుని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ ఫైలు. స్కానరు మీద ఒక్కో పేజీ పెట్టి, మూత ఎగరకుండా చేత్తో నొక్కి పట్టుకుని స్కాన్ చేస్తున్నాను. నాలుగో వ్యాసం. మామూలుగా నేను చదవను. వ్యాసం పేరు, రచయిత పేరు, పత్రిక పేరు టైపు చేసి, సారాంశం నాలుగు వాక్యాలు ఎక్కించి ముందుకు పోతాను. ఆ రోజు సారాంశం టైపు చేస్తుంటే వేళ్లు నాకంటే ముందు పరిగెత్తాయి. కాగితం చూడకుండానే తర్వాతి మాట పడిపోతోంది. ఆగి, కాగితం చూశాను. సరిగ్గా అదే మాట ఉంది.

ఆ వాక్యాలు నావి.

పేజీలు తిప్పాను. ఫ్యాక్టరీ గేటు, షెడ్డు రేకులు, బ్లేడుతో తెగిన వేళ్లు, ఇత్తడి బిళ్లలు. 'పరిశోధకురాలు' అని ఉన్నచోట 'రచయిత' అని మారింది. అంతే. మూడో పేజీలో మా అమ్మమ్మ పేరు ఉంది. నీళ్లు తాగడం మానేశామని మా అమ్మమ్మ ఇంగ్లీషులో చెబుతోంది. చివర ధన్యవాదాల్లో ఆయన భార్యకు, ఒక గ్రాంటు ఇచ్చిన సంస్థకు, పేరు తెలియని సమీక్షకులకు కృతజ్ఞతలు ఉన్నాయి. నేను లేను.

లేచి పరిశోధన ప్రతులు ఉండే అరల దగ్గరికి వెళ్లాను. నల్ల రెక్సిను అట్ట మీద బంగారు అక్షరాలతో నా ఎంఫిల్ ప్రతి అక్కడే ఉంది. వెనక అట్టకు అతికించిన తారీకుల కాగితం మీద ఒక్క ముద్ర లేదు. అన్నేళ్లలో ఒక్కరూ దాన్ని తీసుకెళ్లలేదు. ఆయనకు తీసుకెళ్లాల్సిన పనేముంది? సంతకం కోసం ఇచ్చిన ప్రతి ఆయన ఇంట్లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, కలిసిన వాక్యాల కింద పెన్సిలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రానికి పెన్సిలు అరిగింది. ఆయన వ్యాసంలో గీత పడని పేరా ఒక్కటే మిగిలింది. అది ముగింపు. అందులో పెద్ద పెద్ద మాటలు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆ గీతలన్నీ లైబ్రేరియన్ గారికి చూపించాను. మంచి మనిషి. భయస్తుడు. మరో రెండేళ్లలో రిటైరవుతారు. చాలాసేపు చూసి, "గైడుకు కూడా కొంత హక్కుంటుంది కదమ్మా" అన్నారు.

"కొంత ఉంటే కొంత రాసుకోవాలి సార్. నా పేరేది?"

"నీ కోపం నాకు అర్థమైంది. కానీ నీ కాంట్రాక్టు మార్చిలో ఉంది. ఆయన చేతులు చాలా పైదాకా ఉన్నాయి. ఊరికే ఎక్కించెయ్. ఎవరు చదువుతారు చెప్పు?"

ఎవరు చదువుతారు! అందరూ చదవాలని ఈ పని మొదలుపెట్టిన మనిషి ఆ మాట అన్నాడు. ఆయన మీద వచ్చిన కోపం గైడు మీది కోపం కంటే తక్కువేం కాదు.

సరేనని బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే గైడు వ్యాసాన్ని ఎక్కించాను. దాని పక్కన నా ఎంఫిల్‌ను కూడా ఎక్కించాను. విశ్వవిద్యాలయం ఆమోదించిన పరిశోధనలను పెట్టవచ్చని మా నిబంధనల్లోనే ఉంది. సమర్పించిన నెల, సంవత్సరం స్పష్టంగా టైపు చేశాను. సారాంశం రెండింటికీ ఒక్కటే కాబట్టి రెండోసారి టైపు చేయాల్సిన పని లేకపోయింది. ఎవరు ఏ మాటతో వెతికినా ఆ రెండూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. నేను ఎవరినీ ఒక్క మాట అనలేదు. తేదీలు పక్కపక్కన పెట్టానంతే.

ఆ నెలల్లో క్యాంపస్ ఉడుకుతోంది. తెలంగాణ కోసం పిల్లలు రోజూ రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. గేట్ల దగ్గర పోలీసులు. బాష్పవాయువు పొగ లైబ్రరీలోకి వస్తే తడిగుడ్డలు ముఖానికి అడ్డం పెట్టుకుని కిటికీలు మూసేవాళ్లం. ఒక సాయంత్రం సభ జరిగింది. మా గైడు వేదిక మీదున్నాడు. ఆయన మంచి వక్త, కాదనను. "మన సొమ్ము తిన్నరు. మన కష్టం మీద వాళ్లు పేరు రాసుకున్నరు. అడిగితే కలిసి ఉన్నం గదా అంటరు" అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. నేనూ రాష్ట్రం కావాలనుకున్నదాన్నే. మా నాన్న పక్కన పనిచేసిన ఒక్కో మనిషి బతుకూ చూసి కోరుకున్నదాన్ని. ఆ సభలో మొదటి పది నిమిషాలు చప్పట్లు కొట్టాను. 'మన కష్టం మీద పేరు రాసుకున్నరు' అన్నప్పుడు చేతులు ఆగిపోయాయి. చెట్ల కింద నుంచి లేచి బయటికి వచ్చేశాను. ఆ మాటలు అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

రెండు మూడు నెలల తర్వాత వేరే రాష్ట్రం నుంచి ఒక అధ్యాపకురాలు లైబ్రరీకి ఈమెయిల్ పంపింది. ఆమె ఎవరో నాకు తెలియదు, తర్వాత కూడా ఎప్పుడూ కలవలేదు. 'మీ రిపాజిటరీలో ఒకే రచన ఇద్దరి పేర్లతో ఉంది. నా విద్యార్థులకు ఏది అసలుదని చెప్పాలి?' అంతే ప్రశ్న. వైస్ చాన్సలర్‌కు కూడా ప్రతి పంపింది. దాంతో ఇక ఎవరూ చూడనట్టు ఉండటం కుదరలేదు. ముగ్గురితో ఒక కమిటీ వేశారు.

పిలిపించారు. పొడవాటి బల్లకు అటు ముగ్గురు, ఇటు ఒక చివర గైడు, ఇంకో చివర నేను. లైబ్రేరియన్ గారు తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నారు. గైడు నన్ను చూసి ముందు బాధపడ్డాడు.

"కన్నబిడ్డ లెక్క సూస్కున్న. ఒక్క మాట నాకు జెప్తె అయిపోవు గదా. గింత బజారుకెక్కియ్యాల్నా?"

"మీరూ నాకు ఒక్క మాట చెప్పలేదు సార్" అన్నాను.

చైర్మన్ వేరే శాఖ ప్రొఫెసరు, కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. "ఈ పరిశోధనకు సమాచారం ఎవరు సేకరించారండీ?" అని గైడును అడిగారు.

"ఇద్దరం కలిసే చేసినం. ఆలోచన నాది, తిరుగుడు నాది. ఆమెకు రాసుడు నేర్పించిన. ఆమె అండ్లకెల్లి ఎంఫిల్‌కు వాడుకున్నది, నేను ఏమనలే."

అంటే దొంగను నేను.

చైర్మన్ వ్యాసం తిరగేసి మా అమ్మమ్మ పేరు మీద వేలు పెట్టారు. "ఈవిడ మాటలు చాలా బాగున్నాయి. ఈ కార్మికురాలిని మీరు స్వయంగా కలిశారా?"

"కలిసిన. కలువకుంట ఎట్ల రాస్త? నాచారంల ఆమె ఇంటికి గూడ పోయిన. పాపం, చాయ్ వెట్టి తాపింది."

నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడగలిగాను.

"సార్, ఆ పేరు మా అమ్మమ్మది. మారుపేరు కావాల్సి వచ్చి నేనే పెట్టాను. మా అమ్మమ్మ ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. నాచారం ఎన్నడూ చూడలేదు. జనగామ దగ్గర ఊళ్లో పుట్టి అక్కడే పోయింది. అప్పుడు నేను మూడో తరగతి."

చైర్మన్ వ్యాసాన్ని మూసి, ముందున్న గ్లాసులో నీళ్లు సగం తాగి, మళ్లీ తెరిచారు. గైడు వాచీ వైపు చూసుకున్నాడు. "గన్ని ఏండ్లాయె, పేర్లు ఎవరికి యాదికుంటయి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ కూర తిప్పుతున్న గరిటె పట్టుకునే నా వైపు తిరిగింది. "మా అమ్మను గా సారు ఎప్పుడు సూసిండు? చాయ్ తాపిందా? మా అమ్మ చాయ్ ముట్టనే ముట్టలే గద! ఎంత అబద్ధాలకోరు మనిషే!" అమ్మ కోపమంతా ఆ చాయ్ మీదే. రెండు రోజులు అదే మాట అంటూ తిరిగింది.

గెలిచాననుకున్నాను. ఆ గదిలో ఉన్న ప్రతి మనిషికీ నిజం తెలిసిపోయింది. తెలిస్తే చాలనుకునే అమాయకత్వం అప్పటికి ఇంకా మిగిలుంది.

రెండు వారాలకు ఆర్డరు వచ్చింది. ఒకే పేజీ. గురుశిష్యుల మధ్య అపార్థం జరిగిందట. ఇకపై జాగ్రత్త వహించాలని ప్రొఫెసరు గారికి సూచించారట. రెండు రచనలనూ వెబ్‌సైట్ నుంచి తొలగించాలట. ముందస్తు అనుమతి లేకుండా ఎంఫిల్ ప్రతిని ఎక్కించినందుకు నన్ను హెచ్చరించారట. కొత్త నిబంధనలు తయారయ్యేదాకా రిపాజిటరీలో కొత్తవేవీ చేర్చకూడదట. ఆ కాగితంలో 'దొంగతనం' అన్న మాట లేదు, 'కాపీ' అన్న మాట లేదు. మా అమ్మమ్మ ప్రస్తావన అసలే లేదు.

ఆయన వ్యాసం మా వెబ్‌సైట్‌లోంచి పోతే ఆయనకేం నష్టం? అచ్చులో ఉంది, పత్రికలో ఉంది, ఆయన బయోడేటాలో ఉంది. నాది అందరికీ కనబడే ఒకే ఒక్క చోటు నుంచి తీసేయమన్నారు. చూడ్డానికి ఇద్దరికీ సమానమైన శిక్ష.

"తీసెయ్యమ్మా" అన్నారు లైబ్రేరియన్ గారు.

"నేను తియ్యను సార్. పాస్‌వర్డు రాసిస్తాను. మీరే తీయండి."

రాసిచ్చాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, ఒక వేలితో టైపు చేసి తీసేశారు. తర్వాత చాలాసేపు లేవలేదు. మార్చి కాగితం వచ్చింది, ఉద్యోగం పోలేదు. బల్ల మారింది. కింద గదిలో పాత దినపత్రికల కట్టల దగ్గర వేశారు. పత్రిక సంపాదకులకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, విశ్వవిద్యాలయం ద్వారా రాయమని జవాబు వచ్చింది. రెండోదానికి ఏమీ రాలేదు.

ఇవన్నీ అక్కకు చెప్పాలనిపించింది. ఆమె మాటలు కూడా పోయాయి కదా. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆ ఫ్యాక్టరీ చర్లపల్లి వైపు తరలిపోయిందట, ముప్పై మందిని వదిలేసిందట. అక్క ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరింది. గడప మీద కూర్చోబెట్టి మొత్తం విన్నది. నేను చెబుతున్నకొద్దీ నా గొంతు పెరుగుతోంది, ఆమె మాత్రం కదలకుండా వింటోంది.

"అయితే ఆ సారు నీ పేరు తీసేసిండు" అంది.

"అవునక్కా."

"నువ్వు నా పేరు తీసేసినవ్."

"నీ నౌకరికి ఇబ్బంది అయితదని దాచిన అక్కా. రూలు అది."

"నన్ను అడిగినవా?"

అడగలేదు. ఏడాదిన్నర ఆమె ఇంటి బియ్యం ఏరాను, ఆ ఒక్క మాట అడగలేదు. పేరు మార్చడమే మర్యాద అని నాకు నేర్పారు, నేను నేర్చుకున్నాను. తేదీలు పక్కపక్కన పెట్టినప్పుడు కూడా నా పేరూ ఆయన పేరే కనబడ్డాయి నాకు.

"నౌకరి ఎట్లైన పాయె గదా. ఇప్పుడన్న పెట్టు" అంది అక్క. "గది ఇంగ్లీషుల గాదు. నాకు సమజ్ అయ్యేటట్టు రాయి. సదివి చెప్పు, నేను ఇంటా."

అలా మొదలైంది. రెండో ఆదివారమో మూడో ఆదివారమో వీలు చూసుకుని వెళ్లేదాన్ని. నా ఎంఫిల్‌ను తెలుగులో రాసి చదివి వినిపించేదాన్ని. అక్క ఊరుకునేది కాదు. బిళ్లల అధ్యాయం చదువుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇత్తడి బిళ్లలా? ఎవడు జెప్పిండు?"

"నువ్వే కదక్కా..."

"బిళ్ల అన్న. ఇత్తడి అనలే. మాకు ఇత్తడి ఎవడిస్తడే? నూనె డబ్బా రేకు కోసి బొక్క వొడిసిన్రు. అంచు గీరుకుంటుండె. సూడు" అని బొటనవేలు చూపించింది. పాత గాటు.

నేను ఆ బిళ్లను ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. ఊహించి రాశాను. నా ఊహను ఆయన కాపీ కొట్టాడు. ఇద్దరం కలిసి ఒక తప్పును విదేశీ పత్రిక దాకా మోశాం. ఆ రోజు బస్సులో కూర్చుని, ఆయన మీద ఎంత కోపం వచ్చిందో నా మీద కూడా అంత వచ్చింది. అయినా ఒకటి చెప్పాలి. నా తప్పు ఆయన చేసిన పనిని చిన్నది చేయదు. చేస్తుందని నాకు సర్దిచెప్పిన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లతో నేను మాట్లాడటం మానేశాను.

ఆ తెలుగు ప్రతి పూర్తవడానికి మూడేళ్లు పట్టింది. అక్క ఆరు చోట్ల నన్ను సరిదిద్దింది, రెండు చోట్ల నాతో పోట్లాడింది, ఒక అధ్యాయం మొత్తం తీసేయించింది. అదంతా నా ఊహాగానమట. ఈలోగా మా లైబ్రేరియన్ గారు రిటైరయ్యారు. గైడు కూడా రిటైరయ్యాడు. ఆయనకు శాలువాలతో సన్మానం జరిగింది, పాత విద్యార్థులందరికీ ఆహ్వానం వచ్చింది, నాకు కూడా. వెళ్లలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నాచారం రోడ్లన్నీ రంగు చల్లుకుని నడిచాయి. నాన్న మోకాళ్లు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నేనూ రంగు పూసుకున్నాను. ఆ సంతోషం నాకు నిజమైనదే, ఆయన వేదికెక్కి మాట్లాడినంత మాత్రాన దాన్ని నేను వదులుకోను.

లైబ్రరీకి కొత్తగా వచ్చిన మేడం ఆగిపోయిన పనులన్నీ తిరగదోడుతూ రిపాజిటరీ దగ్గరికి వచ్చింది. నన్ను కింద గదిలోంచి పిలిపించి, నిబంధనలు రాసిమ్మంది. రాశాను. విద్యార్థి తన పరిశోధనను తన ఒక్క సంతకంతోనే పెట్టుకోవచ్చు, గైడు అనుమతి అవసరం లేదు అని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం దగ్గర మేడం తలెత్తి నా వైపు చూసింది.

"దీని వెనక కథేమైనా ఉందా?"

చెప్పాను. మొత్తం వినడానికి గంట పట్టింది. ఆమె ఆ వాక్యాన్ని అలాగే ఉంచి సంతకం చేసి పైకి పంపింది. పైన ఎవరూ చదవలేదనుకుంటాను, ఆమోదమై వచ్చింది.

ఇంగ్లీషు ఎంఫిల్‌ను మళ్లీ ఎక్కించాను. తర్వాత తెలుగు ప్రతిని ఇద్దరి పేర్లతో ఎక్కించాను. ముందు అక్క పేరు, అసలు పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత నాది. ఒక ప్రతి ప్రింటు తీసి, కుట్టించి అక్కకు ఇచ్చాను. అక్క తన పేరు ఉన్న పేజీని వేలితో తడిమి, చీరకొంగుతో అట్ట తుడిచి, సంచిలో పెట్టుకుంది.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క నేరుగా లైబ్రరీకే వచ్చింది. ఉప్పల్ నుంచి బస్సులో, బడి యూనిఫాం చీరలోనే. ఎక్కడా ఆగకుండా నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"మా బళ్లె టీచర్ల బాత్‌రూముకు తాళం ఏసి పెడ్తరు" అంది. "ఆయాలు పోవద్దట. పిల్లలయి ఉన్నయి గదా, అండ్ల పోండ్రి అంటరు. పిల్లలు ఉన్నప్పుడు ఎట్ల పోతం? పొద్దంతా ఆపుకుంటం. నిన్న బుక్కు తీస్కపోయి ప్రిన్సిపాల్ మేడం టేబుల్ మీద పెట్టిన. ఇది నేను రాసిన, బిళ్లల కాడ సదువుండ్రి అని జెప్పిన."

"చదివిందా?"

"నా మొకం జూసింది, నా పేరు జూసింది. రెండు పేజీలు సదివింది. తర్వాత ఇది ఫ్యాక్టరీ సంగతి గదా, ఇది బడి అన్నది."

"తాళం తీశారా అక్కా?"

"తియ్యలే. బుక్కు గూడ ఇయ్యలే, లోపట వెట్టుకున్నది." అక్క నా బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగింది. "ఇంకో పది తియ్యి. శనివారం పిల్లల అమ్మానాయినలు మీటింగుకు వస్తరు. గేటు కాడ నిలవడి ఇస్త."

ప్రింటరులో కాగితం నిండుకుంది. మేడం గదిలోకి వెళ్లి, ఎందుకో చెప్పి, కొత్త కట్ట అడిగి తెచ్చుకున్నాను.